పొలంలో పాత ఊరు, 3వ భాగం: దుక్కి చేలో నడక

పొలాల్లో పాత ఊళ్ల ఆనవాళ్లు వెతకడం మన పని. పోయినసారి ఎఫ్ఎంబీ (సర్వేవాళ్ల పొలం కొలతల పటం) కాపీ చూసి సర్వే నంబర్లు గుర్తుపెట్టుకున్నాం కదా, ఈసారి చేలోకి దిగుదాం. లేఅవుట్ రాళ్లు పాతకముందే దిగాలి, జేసీబీ ఒక్కపూట తిరిగిందంటే ఇంక చూడ్డానికేం మిగలదు.

మెట్ట అయితే తొలకరి దుక్కి దున్నాక ఒక గట్టి వాన పడనివ్వండి. మట్టి కడుక్కుపోయి పాత కుండ పెంకులు పైకి తేలతాయి. ఎండ నెత్తి మీదకొస్తే అన్నీ మట్టిబెడ్డల్లాగే ఉంటాయి, అందుకే పొద్దున్నే వెళ్లాలి.

గట్టు నుంచి గట్టుకి 10 మీటర్ల ఎడంతో వరసలు పెట్టుకుని నడవండి, ఒక్కో వరసలో ఎన్ని పెంకులు కనబడ్డాయో అప్పటికప్పుడే రాసుకోండి, ఏమీ కనబడకపోతే సున్నా అని రాయండి. ఇది చాలామంది వదిలేస్తారు, తర్వాత చూసేవాళ్లకి అక్కడ ఏమీ లేదో మనం అసలు నడవలేదో తెలీదు.

ఒక పెంకు చేతిలోకి తీసుకుని చూడండి. లోపలంతా నలుపు, బయట అంచు దగ్గర నలుపు, కిందకొచ్చేసరికి ఎరుపు ఉందా? కుండని బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక అలా అవుతుందంటారు. ఇలాంటివి మన దక్షిణాదిలో ఇనుపయుగం నుంచి శాతవాహనుల కాలం దాకా దొరుకుతాయి. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫొటో తీసి, ఎక్కడిది అక్కడే పెట్టేయండి. నాణెమో బంగారమో కనబడితే మాత్రం దాచొద్దు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. వంశధార ఒడ్డున ఒక చేలో నాకు అడుగడుక్కీ పెంకులే, అదే ఒడ్డున ఉన్న పాత బౌద్ధ క్షేత్రం శాలిహుండం చూసిన కళ్లు కదా, ఇంకో పాత ఊరు దొరికేసిందనుకున్నాను. గట్టు మీద కూర్చున్న తాత పిలిచి "ఆ మట్టి ఈ చేనుది కాదు బాబూ, మా అయ్య ఆ దిబ్బ కాడినుంచి బళ్ల మీద తోలించాడు, గెత్తం బదులు" అన్నాడు. పాటిమన్ను! పాత ఊళ్ల బూడిద మట్టి చేనుకి బలమని రైతులు తోలుకుంటారు, దాంతోపాటు పెంకులూ వచ్చేస్తాయి. ఆయన చెయ్యి చూపించిన వైపు వెళ్తే దిబ్బ సగం తవ్వేసి ఉంది, కోసిన గోడలో బూడిద పొర, దాని కింద పెంకుల పొర కళ్లకి కట్టినట్టు కనబడ్డాయి.

అందుకే నోట్‌బుక్‌లో ఇంకో గడి గీయండి: ఈ మట్టి ఎక్కడిది, ఎవరు తోలించారు. వచ్చే భాగంలోపు ఒక ఎకరం నడిచి, ఆ రైతుని ఈ ప్రశ్న అడిగి రండి.