ఇంటి సర్వర్‌కి ఏ డిస్క్ కొనాలి: నా అనుభవం

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు ఒకచోట పెట్టి టీవీలో చూద్దామని కావలిలో మా ఇంట్లో సర్వర్ పెట్టాను. ప్రాసెసర్ కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఐ3-8100 ఉన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ చాలు, అందులోని క్విక్ సింక్ (ప్రాసెసర్‌లో వీడియో పని చూసుకునే భాగం) హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన వీడియోల్ని అవలీలగా నడిపిస్తుంది. తంటా అంతా హార్డ్ డిస్కులతోనే. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు ఎస్ఎంఆర్ రకం, అంటే డేటా రాసే ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవీ మళ్లీ రాయాలి, అందుకే జడ్ఎఫ్ఎస్ మిర్రర్‌లో (ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఉంచే ఏర్పాటు) పాడైన డిస్కు తీసి అలాంటిది పెడితే డేటా ఎక్కడం నత్తనడకే. డేటాషీట్‌లో సీఎంఆర్ (ట్రాకులు ఒకదానిమీద ఒకటి ఎక్కని రకం) అని ఉన్న 4 టీబీది తెచ్చి వేశాక తెల్లారేసరికి పనైపోయింది. వైఫై నమ్ముకోకుండా గిగాబిట్ నెట్‌వర్క్ కేబుల్ లాగండి, సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది. మా వైపు ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందేగా, యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ తీసుకుంటే బ్యాటరీ అయిపోయేలోపే సర్వర్ తనంతట తానే షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోవచ్చు.