అల లేదని దిగబాకండి: ఇంటిల్లిపాదీ సముద్రానికి పోయే ముందు

సంక్రాంతికి మా వాళ్లందరం కలిస్తే ముప్పై నాలుగు మందిమి. అందులో పదేళ్ల లోపు పిల్లలు తొమ్మిది మంది, ఎనభై దాటిన అమ్మ ఒకరు. ఇల్లు కావలిలో కాబట్టి కనుమ మర్నాడు సముద్రానికి పోవడం మాకు ఆనవాయితీ. "పెద్దక్కా, ఈసారి ఏ బీచ్?" అని డిసెంబరులోనే హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు మొదలవుతాయి. మైపాడా, పాకలా, కొత్తపట్నమా? వాళ్లకు కావాల్సింది ఒక పేరు. పేరు చెప్పడం ఎంతసేపు! ఆ బీచ్‌లో ఏ వంద అడుగుల మేర, ఏ పూట దిగుతామో తేలేదాకా నేను మాట ఇవ్వను.

ఇట్లా ఎందుకు తయారయ్యానంటే, పన్నెండేళ్ల కిందట మా చెల్లెలి కొడుకు విషయంలో ఒకటి జరిగింది. వాడికప్పుడు పదకొండేళ్లు. రెండు పక్కలా అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. మధ్యలో ఒక ఇరవై అడుగుల వెడల్పున నీళ్లు మాత్రం చెరువులా ఉన్నాయి. "అక్కడ అలల్లేవు, పిల్లలు అక్కడ ఆడుకోండిరా" అన్నది నేనే. రెండు నిమిషాలు కూడా కాలేదు. వాడి తల ఉండాల్సిన చోటికంటే చాలా దూరంగా కనిపించింది. అరవలేదు, చెయ్యి ఊపలేదు. మొహం పైకెత్తి నోరు తెరిచి ఉన్నాడంతే. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మాకంటే ముందే చూసి నీళ్లలోకి పరిగెత్తాడు. వాణ్ణి తెచ్చి ఇసుకలో కూచోబెట్టాక నా వైపు తిరిగి ఒకటే మాట అన్నాడు: "అల లేదని దిగబాకమ్మా, ఆడే లాగుద్ది."

ఇప్పుడు దాన్ని అందరూ రిప్ కరెంట్ అంటున్నారు. ఒడ్డుకొచ్చిన అలల నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా. ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ కాలవలా కూడి పోతాయి. ఆ కాలవలో లోతెక్కువ, అందుకే అక్కడ అల విరగదు. పైకి చూస్తే అదే మంచి చోటు! గుర్తులు చెప్తాను: నీళ్ల రంగు పక్కవాటికంటే ముదురుగా, లేదా ఇసుక కలిసి బురదగా ఉంటుంది. నురగ, ఆకులు, కొబ్బరి పీచు లాంటివి ఒడ్డుకు రాకుండా లోపలికి పోతుంటాయి. నీళ్ల పైభాగం అక్కడొక్కచోటే సన్నగా గిలగిలలాడుతుంది.

ఈ గుర్తులు నీళ్లలో నిలబడితే కనపడవు. ఎత్తు నుంచి చూడాలి. సరుగుడు తోపుల ముందు ఇసుక దిబ్బలుంటాయే, వాటి మీద నిలబడి కనీసం ఇరవై నిమిషాలు చూడండి. పెద్ద అలలు ఒక్కటొక్కటిగా రావు, గుంపులుగా వస్తాయి. ఐదు నిమిషాలు చూసి "ప్రశాంతంగా ఉంది" అనుకుంటే ఆ గుంపు మనవాళ్లు దిగాకే వస్తుంది. ఇంకోటి, మన సముద్రం తూర్పున. పొద్దున్నే పోతే ఎండ ఎదురుగా కొట్టి నీళ్లన్నీ వెండిరేకులా మెరుస్తాయి, రంగు తేడా అసలు తెలియదు. అందుకని నేనూ మా తమ్ముడూ ముందురోజు సాయంత్రమే పోతాం. ఎండ వీపు మీద ఉంటుంది కాబట్టి లోపల మేట ఎక్కడ, కాలవ ఎక్కడ అన్నది స్పష్టంగా కనపడుతుంది. మర్నాడు ఉదయం మళ్లీ ఒకసారి సరిచూస్తాం, ఇసుక రాత్రికి రాత్రే కదలొచ్చు.

తర్వాత వాలు. తడి ఇసుక దగ్గర నిలబడి చూడండి. అల దూరంగానే విరిగి, చాప పరిచినట్టు పల్చగా ఒడ్డుకొస్తుంటే వాలు తక్కువ, పిల్లలకు మంచిది. అదే ఒడ్డు మీదే గోడలా లేచి ధబ్బున కూలుతుంటే లెక్క వేరు. నీళ్లు మోకాలి లోతే కదా అనుకుంటాం గానీ ఆ అల తలకిందులు చేసి నేలకు కొడితే మెడ పట్టేయడం కాదు, విరుగుతుంది. మా తమ్ముడు ఒక వెదురు కర్ర పట్టుకుని ముందు తనొక్కడే దిగుతాడు. ఇరవై అడుగులు వేసినా నడుము దాటకూడదు, కర్ర ఎక్కడా హఠాత్తుగా దిగిపోకూడదు. దిగిపోయిందంటే అక్కడ గుంట ఉన్నట్టే, ఆ చోటు వదిలేస్తాం.

కొన్ని చోట్ల ఇంత పరీక్ష కూడా అక్కర్లేదు, చూడగానే వెనక్కి తిరగొచ్చు. మొగల దగ్గర దిగొద్దు. పెన్నా కానీ, గుండ్లకమ్మ కానీ, చిన్న వాగు కానీ, ఏరు సముద్రంలో కలిసే చోట పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నీళ్లు లోపలికి తోసుకుపోతాయి, అడుగున ఇసుక నిలకడగా ఉండదు. ఓడరేవులు, రాళ్లగోడలు ఉన్న చోటా అంతే. గోడ పక్కనే లాగుడు ఉంటుంది. పైగా మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మధ్యలో గోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నైలో మెరీనా అంత వెడల్పవడానికీ, రాయపురం వైపు తీరం కోతకు గురవడానికీ ఇదే కారణం. కృష్ణపట్నం, రామాయపట్నం చుట్టుపక్కల ఫొటోలు దిగండి, స్నానాలు వద్దు.

ఎప్పుడు పోవాలి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు వాయుగుండాల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ తర్వాత సంక్రాంతికి నెలన్నర కూడా లేదు. తుపాను పోయినా అడుగున ఇసుక తారుమారై ఉంటుంది, పోయినేడు చూసుకున్న చోటు ఈ ఏడు పనికిరాదు. నాకు ఫిబ్రవరి, మార్చి ఇష్టం. మా పిల్లల బళ్లకు అది కుదరదు, అదింకో గోల. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో లేచిన అలలు గాలీవానా లేకుండానే వచ్చి పడుతుంటాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు ఎత్తైన అలల హెచ్చరికలు జిల్లాలవారీగా ఇస్తారు, బయల్దేరే ముందు ఫోన్‌లో చూసుకోవచ్చు. పంచాంగం కూడా చూడండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు, పాటు రెండూ ఎక్కువ, నీళ్లు దిగేటప్పుడు లాగుడు పెరుగుతుంది. కార్తీక పౌర్ణమికి, పండగలకి మైపాడు లాంటి చోట్ల పోలీసుల్ని, గజ ఈతగాళ్లని పెడతారు. మామూలు రోజున వాళ్లుంటారన్న భరోసాతో పోవద్దు.

అన్నిటికంటే ముందు జాలరుల పాలెంలో అడగండి. అడిగే పద్ధతి ఒకటుంది. "ఇక్కడ బాగుంటుందా అన్నా?" అంటే ఎవరైనా బాగుంటుందనే అంటారు. "ఈ మధ్య ఎవరన్నా కొట్టుకుపోయారా? ఏ పక్క?" అని అడగండి. చెయ్యి చాపి చూపిస్తారు. ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల, అలివి వల, లాగే చోటు ఏదని కూడా అడగండి. అక్కడ అడుగున రాళ్లూ మోళ్లూ ఉండవు, ఉంటే వల చిరిగిపోతుంది. లాగుడు సంగతి మాత్రం విడిగా చూసుకోవాల్సిందే.

చోటు కుదిరాక రెండు కర్రలు పాతి వాటికి ఎర్ర గుడ్డలు కడతాం. ఆ రెండింటి మధ్యే స్నానాలు. నీళ్లు మనుషుల్ని తెలియకుండా పక్కకు జరుపుతాయి, కర్ర దాటితే బయటికొచ్చి మళ్లీ నడిచి రావాల్సిందే. పిల్లలకు మోకాలు, పెద్దలకు నడుము. పిల్లలకు నారింజ, ఎరుపు రంగు చొక్కాలే. నీలం, తెలుపు వేస్తే నీళ్లలో, నురగలో కలిసిపోతాయి. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద, ఇరవై నిమిషాలకు డ్యూటీ మారుతుంది, డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్లు నా సంచిలో. దీనికి మా మరిది ఏటా అలుగుతాడు. మందు తాగినవాళ్లు ఒడ్డునే. లారీ ట్యూబులు నిషేధం: తెల్లవారుజామున గాలి భూమి మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, ట్యూబులో పిల్లాడు నవ్వుతూనే లోపలికి పోతాడు. దానికి బదులు మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, దానికి ముప్పై మీటర్ల నైలాన్ తాడు తీసుకుపోతాం. ఎవరికన్నా కష్టమైతే అది విసరాలి, ఈత రానివాళ్లు దూకకూడదు.

లాగుడులో పడ్డవాళ్లు ఒడ్డు వైపు ఈదితే అలిసిపోతారు. అది అడుగుకు లాగదు, దూరం లాగుతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అల విరిగే చోటు నుంచి బయటికి రావాలి. బయటికి తెచ్చిన మనిషికి ఊపిరి లేకపోతే పొట్ట నొక్కడం, గిరగిరా తిప్పడం వద్దు. 108కి ఫోన్ చేయించి, ముందు ఐదుసార్లు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు చొప్పున అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. సముద్రంలోకి కొట్టుకుపోయి కనపడకపోతే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఇక అమ్మ. సముద్రస్నానమంటే మూడు మునకలు వెయ్యాల్సిందే అంటుంది. చీర తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది, అందుకని చుడీదార్ వేయించడానికి మాకు రెండేళ్లు పట్టింది. అల ఆఖరిగా తాకే చోట ప్లాస్టిక్ కుర్చీ వేస్తాం. ప్రతి అలా వెనక్కి పోతూ కుర్చీ కాళ్ల కింద ఇసుక తోడేస్తుంది, నాలుగైదు అలలకే కుర్చీ ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు అమ్మను లేపి, కుర్చీ రెండడుగులు వెనక్కి జరిపి మళ్లీ కూచోబెడతాం. మునకలకు బదులు చెంబుతో మూడుసార్లు నెత్తిన పోస్తాను. "ఇదేం స్నానమే" అని గొణుగుతూనే, నాలుగో చెంబు అడుగుతుంది.