డెస్టిన్‌కి నాలుగు కుటుంబాలు, ఒక ఇడ్లీ పిండి డబ్బా

మాది వైజాగ్. ఆర్కే బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో పెరిగాను. అయినా పెళ్లయ్యేదాకా మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగింది లేదు, అమ్మ దిగనిస్తేగా! తల మునిగేలా సముద్రస్నానం చేసింది అట్లాంటా వచ్చాకే. ఇక్కడ కమ్మింగ్‌లో ఉండే నాలుగు కుటుంబాలం ఐదేళ్లుగా లేబర్ డేకి (సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు) ఫ్లోరిడాలోని డెస్టిన్ వెళ్తున్నాం. ఏర్పాట్లన్నీ నా నెత్తినే. కొత్తగా వెళ్లేవాళ్లు ఏటా నన్నే అడుగుతున్నారని నా పద్ధతి రాసిపెడుతున్నాను.

ముందు మనుషుల లెక్క తేల్చండి. వాట్సాప్‌లో "మేమూ వస్తాం" అంటే రావడం కాదు, అడ్వాన్సు పంపితేనే వస్తున్నట్టు. మొదటి ఏడాది ఆరు కుటుంబాలకని పెద్ద ఇల్లు తీసుకున్నాను. ఇంకో వారం ఉందనగా రెండు కుటుంబాలు ఆఫీసులో రిలీజ్ ఉందంటూ తప్పుకున్నాయి. వాళ్ల వాటా మేం నలుగురం భరించాం, ఆ తర్వాత సంక్రాంతిదాకా మాటలు ముభావంగానే నడిచాయి. ఇప్పుడు జూన్ మొదటి వారం గడువు పెడుతున్నాను, తర్వాత మానుకుంటే డబ్బు వెనక్కి రాదని ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ మొహమాటపడితే మునిగేది మనమే.

ఇల్లు వెతికేటప్పుడు మొదట కనిపించే రేటు నమ్మకండి. క్లీనింగ్ ఫీజు, పన్నులు కలిపాక చివరి పేజీలో వచ్చే అంకెనే గ్రూపులో పెట్టండి. వేసవి మధ్యలో చాలా ఇళ్లు శనివారం నుంచి శనివారం దాకా వారానికే ఇస్తారు, మూడు రాత్రులకి ఇచ్చేవి తక్కువ. అవి దొరకాలంటే తొందరపడాలి. సముద్రం ఎదురుగా ఉన్న ఇల్లే కావాలని పట్టుబట్టకండి, రెండు వీధులు వెనక్కి జరిగితే ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే హైవే 98కి సముద్రం వైపే ఉండాలి, లేదంటే కుర్చీలు, గొడుగులు, పిల్లలతో ఆ పెద్ద రోడ్డు దాటలేక చస్తారు. ఇంకో మెలిక ఉంది. అక్కడ చాలాచోట్ల ఇసుక కూడా ఇళ్లవాళ్ల సొంతం, కుర్చీ వేసుకుంటే లేపేస్తారు. పబ్లిక్ బీచ్‌కి దారి ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకున్నాకే బుక్ చేయండి. బ్యాచిలర్లయితే వయసు నిబంధన కూడా చదవండి, 25 ఏళ్లు నిండనివాళ్లకి చాలామంది ఇల్లివ్వరు.

లేబర్ డే అంటే తుఫానుల కాలం నడిమధ్య. తుఫానుకి పేరు పెట్టాక కొన్న ఇన్సూరెన్స్ ఆ తుఫానుకి పనికిరాదు, అందుకే ఇంటితోపాటే తీసుకోండి.

దారి సులువే. హైవే 85 మీద అలబామాలోని మాంట్‌గోమరీ దాకా వెళ్లి, అక్కడినుంచి హైవే 331 పట్టుకుని దక్షిణానికి దిగడమే. ఆగుతూ వెళ్తే ఆరేడు గంటలు. అలబామాలో అడుగు పెట్టగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి, తెల్లారి నాలుగింటికి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే ఇసుకలో ఉంటారు. 331 మీద చిన్న ఊళ్లు వచ్చినప్పుడల్లా స్పీడ్ లిమిట్ ఒక్కసారిగా పడిపోతుంది. మావారికి అలాగే టికెట్ పడింది, వెనక సీట్లో నిద్రపోయి ముందే హెచ్చరించనందుకు తప్పు నాదయింది.

ఇక వంట. ఆ ఇళ్లలో గిన్నెలు ఉంటాయి గానీ మన వంటకి సరిపోవు. పెద్ద రైస్ కుక్కర్, మంచి కత్తి, పోపుల డబ్బా, అట్లకాడ ఇంటినుంచే తీసుకెళ్లండి. రెండో ఏడాది ఇడ్లీ పిండి రుబ్బి డబ్బా నిండా పోసి డిక్కీలో పెట్టాం. ఆగస్టు చివరి ఎండకి మాంట్‌గోమరీ చేరేసరికి అది పొంగి మూత తన్నేసింది, కార్పెట్ వాసన దీపావళికి గానీ పోలేదు. పిండి తెస్తే డబ్బా సగమే నింపి ఐస్ పెట్టెలో పెట్టండి. తాళింపు వేసేముందు పొయ్యి పైన ఫ్యాన్ వేసి కిటికీ తెరవండి, లేకపోతే ఎండుమిరపకాయ ఘాటుకి పొగ అలారం ఊరంతా లేపుతుంది. చేపలు, రొయ్యలు అక్కడే కొనాలి. రెడ్ స్నాపర్‌తో పులుసు పెడితే మా వదిన గోదావరి చేపలకి వంకలు పెట్టడం మొదలుపెట్టింది, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

నీళ్లలో దిగేముందు జెండా చూడండి. పచ్చ అంటే ప్రశాంతం, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ప్రమాదం. రెండు ఎర్ర జెండాలు ఎగిరితే నీళ్లలోకి దిగడమే నిషేధం, దిగితే 500 డాలర్ల దాకా జరిమానా. ఊదా జెండా జెల్లీఫిష్‌లాంటివాటికి. పసుపు జెండా రోజునే మా స్నేహితురాలి భర్త లోపలికి కొట్టుకుపోయాడు. ఒడ్డుకి ఎదురీదుతూ అలిసిపోతున్నాడు, లైఫ్‌గార్డ్ తేలే బోర్డుతో వెళ్లి లాక్కొచ్చాడు. అలలు విరగకుండా నీళ్లు నల్లగా, నిమ్మళంగా కనిపించే పాయ ఉంటుందే, మనం సేఫ్ అనుకుని దిగేది అక్కడే. ఒడ్డుకి వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయేది ఆ పాయ గుండానే. అందులో చిక్కుకుంటే ఎదురీదకండి. వెల్లకిలా తేలి ఊపిరి తీసుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, లాగుడు తగ్గాక ఒడ్డువైపు తిరగండి. అతనికి ఈత బాగా వచ్చు, అయినా ఈ ముక్క తెలియదు. లైఫ్‌గార్డ్ టవర్ ఉన్నచోటే గొడుగు పాతండి.

డెస్టిన్‌లో అందరూ పడవల్లో వెళ్లే క్రాబ్ ఐలాండ్ పేరుకే దీవి. నీళ్లలో మునిగి ఉన్న ఇసుకమేట, చాలాచోట్ల నడుములోతే. పాంటూన్ పడవ (చదునుగా, వెడల్పుగా ఉండేది) అద్దెకి తీసుకుని వెళ్లి లంగరు వేసుకుంటారు. 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు పడవ నడపాలంటే బోటింగ్ సేఫ్టీ కార్డు ఉండాలి. కార్డు లేకపోతే 90 రోజులు చెల్లే తాత్కాలిక సర్టిఫికెట్ పరీక్ష ఆన్‌లైన్లో రాసేయొచ్చు, ఇంట్లోనే కానిచ్చుకుని వెళ్లండి. మా గ్రూపులో అవేవీ లేకుండా నడపగలిగేది 1985లో పుట్టిన అన్నయ్య ఒక్కడే, పాపం పడవ నడపాలి కాబట్టి ఆ రోజంతా అతను బీరు మానేసి ఐస్ టీతోనే సరిపెట్టుకున్నాడు. పడవ కదులుతున్నంతసేపూ ఆరేళ్లలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ విప్పకూడదు.

రాత్రి పిల్లలు పీతల్ని వెతుకుదామంటారు. అక్టోబరు చివరిదాకా తాబేళ్లు గూళ్లు పెట్టే కాలం, తెల్ల టార్చి వెలుగుకి పిల్ల తాబేళ్లు దారి తప్పుతాయి. ఎర్రలైటు కొనుక్కోండి. పగలు తవ్విన గుంటలు పూడ్చాకే ఇంటికి కదలండి.

వెళ్లేటప్పుడు దొరికిన గంట సోమవారం తిరుగు దారిలో పోతుంది. పైగా ట్రాఫిక్. మేం ఆదివారం రాత్రే సామాను సర్దేసి తెల్లారి ఆరింటికల్లా రోడ్డెక్కుతాం. కాళ్లకి అంటిన ఇసుక బేబీ పౌడర్ చల్లి తుడిస్తే రాలిపోతుంది, కారెక్కే ముందే ఆ పని చేయండి. మిగిలిన అన్నమంతా రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లారి పులిహోర కలిపి కారుకో డబ్బా ఇవ్వండి. మంగళవారం స్కూలు, ఆఫీసు. ఇంటికెళ్లాక బియ్యం కడిగే ఓపిక ఎవరికీ ఉండదు.