షీట్‌లో పట్టని డిజైన్‌ని ప్లాస్మాతో కోయాలంటే

మూడు మీటర్ల వెడల్పున చెట్టు డిజైన్ గీసుకున్నారు, చేతిలో ఉన్నది 1250 బై 2500 మిల్లీమీటర్ల ఇనుప షీట్. చాలామంది షీట్ ఎక్కడ అయిపోతే అక్కడే నిలువుగా ఒక గీత గీసి డిజైన్‌ని రెండు ముక్కలు చేసేస్తారు. దయచేసి అలా చేయకండి. అతుకు ఎక్కడ పడాలో డిజైన్‌ని చూసి తేల్చుకోవాలి, షీట్ అంచుని చూసి కాదు. మొదట్లో నేను ఒక పక్షి రెక్క మధ్యలోంచి అతుకు వేశాను. వెల్డ్ చేసి, నున్నగా గ్రైండ్ చేసి, పెయింట్ కూడా కొట్టాక, పక్క నుంచి లైట్ పడగానే రెక్క మీద గీత స్పష్టంగా కనపడింది. మొత్తం ముక్క మళ్ళీ కోయాల్సి వచ్చింది.

అతుకుకి మంచి చోటు సన్నగా ఉండే చోటు. కొమ్మ ఆకుని తాకే దగ్గర, అక్షరం ఫ్రేమ్‌ని ముట్టుకునే దగ్గర 20, 30 మిల్లీమీటర్ల మెడ ఉంటుంది కదా, అక్కడ కోస్తే వెల్డ్ చేయాల్సింది కూడా అంతే. పొడుగ్గా వెల్డ్ చేసిన కొద్దీ వేడెక్కువై పలుచటి షీట్ వంకర తిరుగుతుంది. అలాంటి మెడ దొరకకపోతే అతుకు మీద వేరే ఆకునో పువ్వునో కోసి పై నుంచి అతికించేలా డిజైన్‌నే మార్చుకోండి, అతుకు దాని కింద దాక్కుంటుంది.

డ్రాయింగ్‌లో విడగొట్టేటప్పుడు ఒక్క గీతతో వదిలేయకుండా రెండు ముక్కలనీ విడివిడిగా మూసుకున్న ఆకారాలుగా చేసి, రెండిటికీ బయటి అంచుకి కర్ఫ్ కాంపెన్సేషన్ (కోతలో పోయే వెడల్పుకి తగ్గట్టు టార్చ్ దారిని సగం వెడల్పు బయటికి జరపడం) పెట్టండి. 45 ఆంప్స్ దగ్గర కోత వెడల్పు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని లెక్కలో వేయకపోతే అతుకు దగ్గర అంత సందు పడుతుంది. ఇంకోటి, మామూలు ప్లాస్మా టార్చ్‌లో (మిషన్‌లో కోసే మంట వచ్చే తల) గ్యాస్ సుడి తిరుగుతూ వస్తుంది కాబట్టి టార్చ్ వెళ్ళే దిక్కుకి కుడి వైపు అంచు నిటారుగా, ఎడమ వైపు అంచు ఏటవాలుగా వస్తుంది. అందుకే బయటి అంచుల్ని గడియారం ముల్లు తిరిగే వైపు, లోపలి రంధ్రాల్ని దానికి ఎదురు వైపు కోయాలి. షీట్ ఫ్యాక్టరీ అంచుని అలాగే అతుకుకి వాడేద్దాం అనుకోవద్దు, అది మూలమట్టానికి సరిగ్గా ఉంటుందన్న గ్యారంటీ లేదు.

షీట్ సరిపోయి మిషన్ బెడ్ (షీట్ పరిచే బల్ల) మాత్రం చిన్నదైతే, షీట్‌ని జరిపి రెండు విడతల్లో కోయొచ్చు. బెడ్ పక్కన ఒక తిన్నని పట్టీని గట్టిగా క్లాంప్ చేసి, షీట్ దాన్ని ఒరుసుకుంటూ జరిగేలా పెట్టుకోండి. వృథా పోయే భాగంలో, రెండు విడతల్లోనూ టార్చ్‌కి అందేలా, వీలైనంత ఎడంగా రెండు గుర్తులు వేసి, జరిపాక లేజర్ పాయింటర్‌ని వాటి మీదకి తెచ్చి సరిచూసుకోండి. ఒక్క గుర్తు చాలదు, షీట్ కొంచెం తిరిగినా దానితో తెలియదు. రెండో విడత మొదటి కోతని 5 మిల్లీమీటర్ల దాకా దాటేలా పెట్టండి, కానీ పియర్స్‌ని (కోత మొదలుపెట్టడానికి షీట్‌లో పొడిచే రంధ్రం) మాత్రం ఆ పాత కోత మీద పెట్టొద్దు, కింద లోహం లేక ఆర్క్ అందుకోదు. టార్చ్ పాత కోతని దాటేటప్పుడు వోల్టేజ్ పెరుగుతుంది, హైట్ కంట్రోల్ (టార్చ్ ఎత్తుని తనంతట తానే సర్దే ఏర్పాటు) దాన్ని చూసి టార్చ్‌ని కిందకి దించేస్తుంది, నాజిల్ షీట్‌కి గుద్దుకుంటుంది. ఆ కొద్ది దూరం హైట్ కంట్రోల్ ఆపేయాలి.

వేడి సంగతి కూడా చూసుకోవాలి. రెండున్నర మీటర్ల స్టీల్ 40 డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి ఒకే చోట వరసగా కోయకుండా, ఇక్కడ ఒకటి అక్కడ ఒకటి కోసుకుంటూ బయటి అంచుని ఆఖర్న కోయండి.

వెల్డింగ్‌కి ముందు అంచుకి అంటుకున్న చిట్టెం రాలగొట్టి, ఇనుము తళతళలాడే దాకా గ్రైండ్ చేయండి. గాలితో కోసిన అంచులోకి నైట్రోజన్ చేరి ఉంటుంది, అలాగే వెల్డ్ చేస్తే లోపల బుడగలు పడతాయి. జింక్ పూత ఉన్న షీట్ అయితే అతుకు చుట్టూ పూత మొత్తం తీసేసి, గాలి ఆడే చోట మాస్క్ పెట్టుకునే చేయండి, ఆ పొగ మంచిది కాదు.

ముక్కల్ని చదునైన టేబుల్ మీద బోర్లా పరిచి, మొత్తం డిజైన్‌ని మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ కలిశాకే ట్యాక్ (ముక్కల్ని పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డ్). ముందు మధ్యలో ఒకటి, తర్వాత ఆ చివరా ఈ చివరా, చేత్తో తాకగలిగేంత చల్లారాక మళ్ళీ. అతుకు కింద రాగి పట్టీ పెడితే వేడిని లాగేస్తుంది, వెల్డ్ దానికి అంటుకోదు, ముందు వైపు గ్రైండింగ్ కూడా తగ్గుతుంది. చివర్లో ఫ్లాప్ డిస్క్‌ని (గ్రైండర్‌కి బిగించే గరుకు రేకుల చక్రం) ఒకే చోట నొక్కి పట్టకుండా అతుకు నుంచి చుట్టూ వంద మిల్లీమీటర్ల దాకా పలచగా ఆడించండి, లేకపోతే పెయింట్ కింద గుంట కనపడుతుంది.