సీసీఎన్ఏ రెండుమూడు సార్లు పోయిందా? మళ్లీ డబ్బు కట్టేముందు ఈ పనులు చేయండి

సీసీఎన్ఏ అంటే సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్. దాని పరీక్ష 200-301 ఫీజు 300 డాలర్లు, దానిపైన జీఎస్టీ. డాలర్ రేటును బట్టి ఒక్కో ప్రయత్నానికి ముప్పై వేలకు అటూ ఇటూ అవుతుంది. బెంగళూరు మారతహళ్లిలో డబుల్ షేరింగ్ పీజీకి దాదాపు మూడు నెలల అద్దె అది. ఫెయిలైన మర్నాటి నుంచి ఐదు రోజులు ఆగితే మళ్లీ రాయడానికి సిస్కో ఒప్పుకుంటుంది. రోషంతో ఆరో రోజే స్లాట్ బుక్ చేసేవాళ్లు ఎక్కువ. ఐదు రోజుల్లో మారేది బ్యాంకు బ్యాలెన్స్ ఒక్కటే. ఆరు వారాలు పెట్టుకోండి.

పరీక్ష అయిన గంటలోపు, సెంటర్ బయట టీ కొట్టు దగ్గరే అయినా సరే, మీరు ఎక్కడెక్కడ తడబడ్డారో ఒక కాగితం మీద రాసుకోండి. ప్రశ్నలు రాయకండి. వాటిని బయటపెట్టనని ఒప్పుకున్నాకే పరీక్ష మొదలైంది కదా. టాపిక్ పేరు, దాని పక్కన కారణం చాలు. కారణాలు నాలుగే: అసలు తెలియదు, తెలుసు కానీ ఒకదానితో ఒకటి కలిసిపోయింది, టైమ్ సరిపోలేదు, ప్రశ్న తప్పుగా చదివాను. మొదటిదానికే పుస్తకం పనికొస్తుంది. మిగతా మూడింటికీ అదే వీడియో కోర్సు మళ్లీ మొదటి నుంచి చూస్తే ఫలితమూ మళ్లీ అదే.

తర్వాత స్కోర్ రిపోర్ట్ తీయండి. చాలామంది దాన్ని ఒక్కసారి చూసి, బాధపడి, మడిచి పెట్టేస్తారు. అందులో సెక్షన్ల వారీగా శాతాలు ఉంటాయి. ఆ సెక్షన్లకు వెయిటేజీ ఇలా ఉంది: నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20, నెట్‌వర్క్ యాక్సెస్ 20, ఐపీ కనెక్టివిటీ 25, ఐపీ సర్వీసెస్ 10, సెక్యూరిటీ 15, ఆటోమేషన్ 10. మీకు రాని శాతాన్ని వెయిటేజీతో గుణించండి. ఐపీ కనెక్టివిటీలో 52 శాతం వస్తే పోయింది 48 శాతం, అంటే 25లో 12. ఆటోమేషన్‌లో 20 శాతమే వచ్చినా పోయింది 8. రిపోర్టులో ఆటోమేషన్ గీత చిన్నగా కనబడి భయపెడుతుంది గానీ అసలు చిల్లు ఐపీ కనెక్టివిటీలో, అంటే రౌటింగ్‌లో ఉంది. ఎన్నింటికి పాసో సిస్కో బయటపెట్టదు కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే. ఏది ముందు చదవాలో తేల్చుకోవడానికి మాత్రం చాలు.

ఇక్కడే ఇంకో మాట. ఆటోమేషన్ కొన్ని రోజుల్లో తేలిపోయే సెక్షన్. జేసాన్ (డేటా రాసే ఒక పద్ధతి) చూసి ఏది ఆబ్జెక్ట్, ఏది అర్రే చెప్పగలగాలి. ఏపీఐకి పంపే గెట్, పోస్ట్, పుట్, డిలీట్ ఏం చేస్తాయో తెలియాలి. 2024 ఆగస్టు 20న వచ్చిన 1.1 వెర్షన్‌లో పప్పెట్, షెఫ్ అనే ఆటోమేషన్ టూల్స్ పోయి టెర్రాఫామ్ వచ్చింది, ఏఐ, మెషీన్ లెర్నింగ్ కూడా చేరాయి. సీనియర్ ఇచ్చిన పాత నోట్సులో ఇవి ఉండవు. బుక్ చేసేముందు సిస్కో సైట్‌లో సిలబస్ ఒకసారి చూసుకోండి.

రౌటింగ్‌లో ఎక్కువమంది పడేది ఒకే గుంటలో. రౌటింగ్ టేబుల్‌లో 10.1.1.0/24 ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్ ద్వారా వచ్చింది, దాని ఏడీ (అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్, ఆ దారిని ఎంత నమ్మాలో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 110. 10.1.0.0/16 స్టాటిక్, అంటే చేత్తో రాసిన దారి, దాని ఏడీ 1. ప్యాకెట్ 10.1.1.5కి పోవాలి. ఏడీ తక్కువ కదా అని స్టాటిక్ టిక్ చేస్తారు. తప్పు. రౌటర్ ముందు చూసేది పొడవైన ప్రిఫిక్స్, కాబట్టి /24 గెలుస్తుంది. ఒకే ప్రిఫిక్స్, ఒకే మాస్క్ రెండు దారుల్లో తెలిసినప్పుడే ఏడీకి పని. ఒకే ప్రోటోకాల్ లోపల అయితే మెట్రిక్ (దారి ఖర్చు). ప్యాకెట్ పోయేటప్పుడు ప్రిఫిక్స్, టేబుల్‌లోకి ఎక్కేటప్పుడు ఏడీ, మెట్రిక్. ఈ సంగతి మీ రూమ్మేట్‌కు తెలుగులో, పుస్తకం చూడకుండా చెప్పి చూడండి. ఎక్కడ నసిగారో అక్కడ మీకు రాదు. ఇంగ్లిష్ డెఫినిషన్ అప్పజెప్పడంలో ఆ నసుగుడు బయటపడదు.

సబ్‌నెటింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్క) రోజుకు పది లెక్కలు, పది నిమిషాలు, ఆదివారం కూడా. ఒకటి చూడండి: 172.16.45.14/20. మూడో ఆక్టెట్‌లో (చుక్కలతో విడదీసిన మూడో అంకెలో) మాస్క్ 240, బ్లాక్ 16. పదహారో ఎక్కంలో 45 కంటే తక్కువగా ఆగేది 32. నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255, హోస్టులు 4094. నాలుగో ఆక్టెట్‌లో ఈ లెక్క నిద్రలో చేసేవాళ్లు కూడా మూడో ఆక్టెట్‌కు రాగానే బ్రాడ్‌కాస్ట్ 172.16.32.255 అని రాసేస్తారు. అందుకే పదింట్లో ఆరు /17 నుంచి /23 మధ్యవే వేసుకోండి.

ల్యాబ్ సాధనకు బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్‌పీ రోడ్డుకెళ్లి పాత 2960 స్విచ్‌లు కొనుక్కురావాలా? అక్కర్లేదు. కన్సోల్ కేబుల్, దానికో యూఎస్‌బీ కన్వర్టర్, ఆపైన ఫ్యాన్ మోతకు రూమ్మేట్‌తో గొడవ. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా దొరికే ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్ ఈ పరీక్షకు చాలు. మూడు స్విచ్‌లు, రెండు రౌటర్లు పెట్టండి. వీల్యాన్ 10, 20 (ఒకే స్విచ్‌లో వేరువేరు నెట్‌వర్క్‌లు), వాటిని మోసే ట్రంక్‌లు, ఎల్ఏసీపీతో ఈథర్‌ఛానెల్ (కొన్ని లింకులను ఒక్కటిగా కట్టడం), రౌటర్ ఆన్ ఎ స్టిక్, ఓఎస్‌పీఎఫ్ ఏరియా 0, ఒక ఏసీఎల్ (ట్రాఫిక్ వడపోత), న్యాట్ ఓవర్‌లోడ్ (అందరికీ ఒకే పబ్లిక్ ఐపీ). ఖాళీ ఫైల్ నుంచి, నోట్స్ చూడకుండా, 40 నిమిషాల్లో పూర్తవ్వాలి. మొదటి వారం రెండు గంటలు పట్టినా కంగారు పడకండి.

అది వచ్చాక అసలు సాధన మొదలవుతుంది. ఫైల్‌ను నెట్‌వర్కింగ్ తెలిసిన స్నేహితుడికిచ్చి ఒక్క లైన్ చెడగొట్టమనండి. ఈథర్‌ఛానెల్ రెండు వైపులా పాసివ్ పెడితే లింక్ కట్టదు, కనీసం ఒకవైపు యాక్టివ్ ఉండాలి. ఓఎస్‌పీఎఫ్ హలో టైమర్ ఒకవైపు మారిస్తే నైబర్ రాదు. ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడా ఉంటే నైబర్ వచ్చినట్టే వచ్చి ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గర ఆగిపోతుంది. అన్నింటికంటే కొంప ముంచేది ట్రంక్ దగ్గర జరిగే తప్పు. 10, 20 పోతున్న ట్రంక్‌కు 30 కలపాలని ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30’ అని కొడతారు. మధ్యలో ‘యాడ్’ లేదు కాబట్టి పాత లిస్టు ఎగిరిపోయి 30 ఒక్కటే మిగులుతుంది. ఎర్రర్ రాదు. 30 పింగ్ అవుతుంది, సంతోషంగా తర్వాతి ప్రశ్నకు పోతారు. ఏ మార్పు చేసినా ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’ చూడటం, చివర కాన్ఫిగ్ సేవ్ చేయడం వేళ్లకు అలవాటు కావాలి.

డంప్స్, అంటే అసలు పరీక్ష నుంచి బయటకు లాగిన ప్రశ్నలు, జవాబుల సంగతి. కోచింగ్ సెంటర్ల చుట్టూ వాట్సాప్ గ్రూపుల్లో ఇవి పప్పుబెల్లాల్లా పంచుతుంటారు. దొరికితే సిస్కో సర్టిఫికేషన్ రద్దు చేయగలదు, అది ఒక సంగతి. దొరక్కపోయినా నష్టమే. జవాబు అక్షరం బట్టీ పట్టినవాళ్లకు టోపాలజీలో ఒక్క ఐపీ మారితే కాళ్ల కింద నేల ఉండదు. మంచి మాక్ టెస్టులతోనూ ఇలాంటి ప్రమాదమే ఉంది. అదే ప్రశ్నల బ్యాంకు మూడోసారి రాస్తే 95 రావడం జ్ఞాపకశక్తి గొప్పతనం. ఎప్పుడూ చూడని రెండు మాక్‌లలో మొదటిసారే 85 దాటితే, ల్యాబ్ 40 నిమిషాల్లో అయితే అప్పుడు బుక్ చేయండి. అప్పటిదాకా వద్దు.

బుకింగ్ విషయంలో బెంగళూరుకు కొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలున్నాయి. పీజీ గది నుంచి ఆన్‌లైన్‌లో రాయకండి. పరీక్ష నడుస్తుండగా గదిలోకి ఎవరూ రాకూడదు, కరెంటూ నెట్టూ నిలబడాలి. లెక్క వేసుకుంటూ పెదవులు కదిలించినా కెమెరాలో చూస్తుండే ప్రోక్టర్ హెచ్చరిస్తాడు. కాగితం, పెన్ను ఉండవు, తెర మీది వైట్‌బోర్డులో మౌస్‌తో రాయాలి. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్, ఫైర్‌వాల్ అడ్డుపడతాయి. సెంటర్‌కు వెళ్లడమే మేలు. శని, ఆదివారాల్లో ఉదయం స్లాట్ తీసుకోండి. పనిరోజు సాయంత్రం స్లాట్ పెట్టుకుని సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే సగం ఓపిక అక్కడే అయిపోతుంది. ఎన్‌ఓసీలో (నెట్‌వర్క్‌ను రాత్రీ పగలూ కనిపెట్టే సెంటర్‌లో) నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ముందు రాత్రికి కచ్చితంగా సెలవు పెట్టండి. తేదీ మార్చుకోవాలంటే కనీసం 24 గంటల ముందే మార్చండి, లేకపోతే ఫీజు పోతుంది.

పరీక్ష 120 నిమిషాలు. వెనక్కి వెళ్లడం కుదరదు. టైమర్ మొదలవగానే ఇచ్చిన బోర్డు మీద 128, 64, 32, 16 వరుస, కింద మాస్క్‌లు రాసుకోండి. మొత్తం ప్రశ్నలెన్నో చూసి, 90, 60, 30 నిమిషాలు మిగిలేసరికి ఎన్నో ప్రశ్నలో ఉండాలో కూడా అక్కడే రాయండి. పరీక్షలో వచ్చే ల్యాబ్ ప్రశ్నకు పది నిమిషాలు దాటితే చేసినంత సేవ్ చేసి ముందుకు కదలండి. పొడుగాటి ప్రశ్నలో చివరి వాక్యం ముందు చదవండి. రెండు ఎంచుకోమన్నాడా, కానిది ఏదని అడిగాడా అక్కడే తెలుస్తుంది.

ఇంటి సంగతి. పరీక్ష తేదీ అనంతపురంలోనో ఒంగోలులోనో ఉన్న అందరికీ చెప్పకండి. ఒక్కరికి చెప్పండి చాలు. ఫలితం తెలిసిన సాయంత్రం నాన్నకు, మేనమామకు, పాత క్లాస్‌మేట్స్‌కు ఒకే కథ ఆరుసార్లు చెప్పుకోవడం పరీక్ష కంటే కష్టం. ఫీజు కంపెనీ తిరిగిస్తుందనుకుంటే ముందే హెచ్‌ఆర్‌ను అడగండి. పాసైతేనే ఇచ్చే కంపెనీలున్నాయి.

చివరగా పేరు. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఒకలా, పరీక్ష నడిపే పియర్సన్ వ్యూ ప్రొఫైల్‌లో కాలేజీ రోజుల్లో కొట్టిన ఒక్క ఇనీషియల్ ఉంటుంది. సెంటర్‌లో చూపించే ఐడీతో పేరు కలవకపోతే లోపలికి పంపరు. బుక్ చేసే రోజే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ముందు రోజు రాత్రి కనబడిన తేడా తెల్లారేసరికి సరికాదు.