మందు కల్లు ఒక్కరోజులో మాన్పించకండి

మా ఊరు దేవరకద్ర దగ్గర. మా నాయన ఇరవై ఏళ్లు కల్లు దుకాణానికి పోయాడు. రోజుకు నాలుగు సీసాలు. నిరుడు నేను పట్టుబట్టి ఒక్కసారిగా బంద్ చేయించాను. జేబులో డబ్బులు తీసేసి, గడపకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాను. రెండో రాత్రి చేతులు వణికాయి, కన్ను మూయలేదు, ఎప్పుడో చనిపోయిన మా పెదనాయనతో మాట్లాడసాగాడు. మూడో రోజు తెల్లారుజామున ఫిట్స్ వచ్చాయి. నేను చేసిన తప్పు ఇంకో ఇంట్లో జరగొద్దు.

చెట్టు కల్లు పొద్దున దించితే సాయంత్రానికి పులిసిపోతుంది. చెట్లు తక్కువై తాగేవాళ్లు ఎక్కువైన చోట నీళ్లు, శాకరిన్ పోసి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మందులు కలుపుతారు. అదే మందు కల్లు. రోజూ తాగే మనిషి ఒళ్లు ఆ మందులకు అలవాటు పడుతుంది. అవి ఉన్నట్టుండి ఆగితే వణుకు, చెమటలు, మతి తప్పిన మాటలు, ఫిట్స్. ప్రాణమే పోవచ్చు. 2015లో కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు మన పాలమూరులో ఎంతమంది ఇట్లనే ఆసుపత్రుల పాలయ్యారో పెద్దవాళ్లను అడగండి. అది గాలి సోకడం కాదు, తాయెత్తుతో పోదు.

అందుకే మాన్పించాలనుకుంటే ముందు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవండి. అప్పటిదాకా బలవంతంగా ఆపొద్దు. కల్లుకు బదులు చీప్ లిక్కర్ అసలే వద్దు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, ఆఖరుసారి ఎప్పుడు తాగాడు, బీపీ, షుగర్ గోలీలు ఏవి వాడుతున్నాడు, ఇవన్నీ కాగితం మీద రాసుకుపోండి. మా అమ్మ పరువుకు భయపడి "రెండు సీసాలే సారూ" అంది. నేను సరిదిద్దాల్సి వచ్చింది. ఆ లెక్కను బట్టే డాక్టర్ మందు మోతాదు నిర్ణయించి, మెల్లమెల్లగా తగ్గిస్తాడు. డాక్టర్ ఇచ్చిన ఆ గోలీలు మీ దగ్గరే పెట్టుకుని పూటకు ఇవ్వండి. వాటి మీద కల్లు తాగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనొద్దు.

ఫిట్స్ వస్తే పక్కకు ఒరిగించి పడుకోబెట్టండి, దగ్గర రాళ్లు, సామాన్లు జరపండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా, నీళ్లు పెట్టడం చేయొద్దు. 108కి ఫోన్ చేయండి. ఎవరిని అడగాలో తెలియకపోతే మత్తు మాన్పించే సలహాల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ చేయొచ్చు.

అన్నిటికన్నా కష్టం సాయంత్రం. ఐదు కొట్టిందంటే మా నాయన కాళ్లు దుకాణం వైపే లాగేవి. తిట్టడం మానేసి, మా చిన్నదాన్ని బడి నుంచి తీసుకొచ్చే పని ఆయనకు అప్పగించాను. మొదటి రెండు నెలలు నేనూ వెంట నడిచాను, దుకాణం ముందు నుంచి కాకుండా చెరువు కట్ట మీదుగా.