పాలనలను పోల్చడం నేర్చుకుందాం – 4వ పాఠం: బ్యాలెట్ పేపర్ చదవడం

పోయినసారి ఫాసిజం, కమ్యూనిజం, టోటలిటేరియనిజం అని మూడు గళ్లు గీసి నింపమన్నాను. ఇప్పుడు ఆ కాగితం పక్కన పడేయండి. ఆ తప్పు మీ చేత కావాలనే చేయించాను. ఈ మూడూ ఒక వరసలో కూర్చునే మాటలు కావు. మొదటి రెండూ సిద్ధాంతాలు. మూడోది, అంటే సర్వాధికార పాలన, రాజ్యం మనిషి బతుకులోకి ఎంత లోతుగా చొరబడిందో చెప్పే కొలత.

ఆ మాట పుట్టిందే తిట్టుగా. 1923లో ఇటలీ ఫాసిస్టు నేత ముసోలినీ ఎన్నికల ఎత్తుగడలను ఎండగడుతూ జొవాన్నీ అమెండోలా అనే ఇటలీ నాయకుడు వాడాడు. రెండేళ్లు తిరిగేసరికి ముసోలినీ ఆ తిట్టునే బిరుదుగా తగిలించుకున్నాడు.

ఇక ఈ రోజు పని: మూడు ఓటు చీటీలను దగ్గరగా చూడడం.

ఇటలీ, 1929. మొత్తం 400 పేర్లతో ఒకే జాబితా. దానికి అవునో కాదో చెప్పాలి, అంతే. చేతికి రెండు చీటీలు ఇస్తారు. ‘అవును’ చీటీ మీద జాతీయ పతాకం రంగులు, ‘కాదు’ చీటీ వట్టి తెల్లది.

సోవియట్ యూనియన్, 1937 డిసెంబర్. చీటీ మీద ఒకే ఒక్క పేరు. ఏమీ రాయకుండా పెట్టెలో వేస్తే అనుకూలం ఓటు. వద్దనుకుంటే పేరు కొట్టేయాలి. చాటుగా కొట్టేయడానికి గది ఉంటుంది. కానీ రాయాల్సిన పనే లేనప్పుడు ఆ గదిలోకి వెళ్లడమెందుకు? లోపలికి అడుగు పెట్టినవాడు అప్పుడే అందరి కళ్లలో పడ్డట్టు.

హిట్లర్ జర్మనీ, 1938 ఏప్రిల్. ‘అవును’కి పెద్ద వృత్తం, ‘కాదు’కి చిన్న వృత్తం. ఇంత మొరటుగానా అనిపిస్తుంది, కానీ చీటీ అచ్చం అలాగే ఉంది.

సిద్ధాంతం పేరు దాచిపెట్టి ఈ మూడూ మీ ముందు పెడితే ఏది ఎవరిదో చెప్పలేరు. ఆ చెప్పలేకపోవడమే టోటలిటేరియనిజం అన్న మాటకు అర్థం.

తేడా తెలియాలంటే పోలింగ్ మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లాలి. యజమాని ఎవరు? జర్మనీలో ఉక్కు, ఆయుధాలు తయారుచేసే క్రుప్ కర్మాగారం క్రుప్ కుటుంబం చేతిలోనే ఉంది. ఇటలీలోనూ యజమానులు మిగిలారు, 1926లో సమ్మెలు మాత్రం నిషేధమయ్యాయి. సోవియట్‌లో యజమాని అనేవాడే లేడు, 1928 నుంచి పంచవర్ష ప్రణాళికలదే రాజ్యం. సమ్మె చేద్దామనుకున్న కార్మికుడికి మాత్రం మూడుచోట్లా దారి మూసుకుపోయింది.

తర్వాత, శత్రువు ఎవరు? ఫాసిజం జాతి, దేశం పేరు చెబుతుంది. కమ్యూనిజం వర్గం పేరు చెబుతుంది: భూస్వామి, పెట్టుబడిదారు, కులక్ (అంటే కలిగిన రైతు). ఈ గీతను మరీ నమ్ముకోకండి. 1944లో స్టాలిన్ కాకసస్ ప్రాంతపు చెచెన్లను జాతి మొత్తంగా ఊళ్ల నుంచి తరలించేశాడు. పుస్తకంలో సిద్ధాంతం ఒకటి, రైలు పెట్టెల్లోకి ఎక్కించింది ఇంకొకరిని.

ఇప్పుడు కొలత వాడి చూద్దాం. తూర్పు యూరప్‌లోని మోల్డోవాలో కమ్యూనిస్టు పార్టీ 2001లో ఎన్నికల్లో గెలిచి వచ్చింది, 2009 ఎన్నికల్లో మెజారిటీ పోగొట్టుకుని దిగిపోయింది. పేరు కమ్యూనిస్టే, పాలన సర్వాధికారం కాదు. ఇక ఆ బిరుదు తగిలించుకున్న ముసోలినీ? ఆయన ఇటలీలో రాజు సింహాసనం మీదే ఉన్నాడు, పోప్‌తో 1929లో ఒప్పందమే కుదుర్చుకోవాల్సి వచ్చింది. చివరికి 1943 జులైలో ఆ రాజే ఆయన్ను పదవి నుంచి తీసేసి అరెస్టు చేయించాడు. సర్వం తనదే అన్నవాడికి సర్వం దక్కలేదన్నమాట.

అభ్యాసం: 1939 నుంచి 1975 దాకా ఫ్రాంకో ఏలిన స్పెయిన్‌ని తీసుకోండి. ఒకే పార్టీకి అనుమతి, ప్రైవేటు ఆస్తి, బలమైన చర్చి. ముందు చీటీ, తర్వాత ఫ్యాక్టరీ, ఆ తర్వాత శత్రువు, ఈ వరసలోనే నాలుగైదు వాక్యాలు రాయండి. చర్చి దగ్గర పెన్ను ఆగుతుంది. ఎందుకు ఆగిందో కూడా రాయండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.